పాచిని పట్టే బూజు



వరి పండితే కొడవలి ఉన్నది. చెరకు పండితే కత్తి ఉన్నది. చేప ఎదిగితే వల ఉన్నది. కాని నీటిలో పండే పంట ఒకటి ఉన్నది, అది ఎంత పండినా చేతికి చిక్కదు, వలకు చిక్కదు, గుడ్డకూ చిక్కదు. అదే పాచి. బావి మెట్ల మీద కాలు జార్చే పాకుడు సంగతి కాదు నేను చెప్పేది. నీటిలో ఒక్కొక్కటి విడివిడిగా, కంటికి ఆననంత చిన్నగా తేలుతూ, గుంట మొత్తానికి పచ్చరంగు పట్టించే పాచిని గూర్చి చెబుతున్నాను. పుస్తకాల్లో దీనిని సూక్ష్మ శైవలం అన్నారు. మనం పాచి అనే అనుకుందాం, పేరు పెద్దదైనంత మాత్రాన పని సులువు కాదు గదా.

తడ ప్రాంతం వారికి ఈ పాచి కొత్త ఏమీ కాదు. కాగితాల మీద 2022 నుంచి మనం తిరుపతి జిల్లాలో చేరాం గాని, మన నీళ్లు, మన ఉప్పుగాలి నెల్లూరు తీరానివే. రొయ్యల గుంట ఉన్న రైతు తెల్లవారి గట్టెక్కగానే మొదట చూసేది నీటి రంగు. లేత పచ్చగా ఉంటే మనసు నిమ్మళంగా ఉంటుంది. చిక్కపచ్చగా మారితే బెంగ. రాత్రికి రాత్రి రంగు విరిగితే ఇక చెప్పనక్కర లేదు, ఏరేటర్ల దగ్గరకు పరుగు. ఇటు హేచరీల వారు రొయ్యపిల్లలకు మేతగా ఈ పాచినే తొట్లలో పెంచుతారు. కొందరు సోదరీమణులు సిమెంటు తొట్లలో స్పైరులినా పెంచి, ఎండబెట్టి పొడి చేసి అమ్ముతున్నారు. పాచి నుంచి నూనె తీయవచ్చునని, పశువుల మేతలో కలపవచ్చునని, మురికినీటిని దానిచేత శుద్ధి చేయించవచ్చునని దేశదేశాల్లో పరిశోధనలు జరుగుతున్నాయి. అన్నింటికీ ఒకచోటే చిక్కు వస్తుంది. పెంచడం సరే, నీళ్లలోంచి తీయడం ఎట్లా?

ఎంత కష్టమో కొంచెం లెక్కగా చూడండి. మనిషి తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. మిల్లీమీటరులో వెయ్యోవంతు ఒక మైక్రాను. క్లోరెల్లా అనే మామూలు పచ్చపాచి కణం 2 నుంచి 10 మైక్రాన్లు మాత్రమే. వెంట్రుక మందంలో పది కణాలను పక్కపక్కన పేర్చవచ్చు. మన గుడ్డ నేతలో సందులు దానికి వీధివాకిళ్ల వంటివి. పోనీ అంత సన్నని కన్ను ఉన్న వడపోత తెచ్చామే అనుకోండి, పాచి కన్నుల్లో కూరుకుపోయి నాలుగు చెంబులు పోయకముందే నీరు దిగడం ఆగిపోతుంది.

పైగా పాచి నీళ్లు చూపుకు చిక్కగా కనపడతాయి గాని అందులో సరుకు బహు పలచన. ఆరుబయట తొట్లలో బాగా పెరిగిన పాచి కూడా లీటరుకు అర గ్రాము ఉంటే గొప్ప. అనగా ఎండిన పాచి ఒక కిలో కావాలంటే రెండు వేల లీటర్ల నీటిని జల్లెడ పట్టాలన్నమాట. ఒక కిలో బియ్యం కోసం ఒక లారీ ఊక చెరగడం వంటిది ఇది. పాచి పరిశ్రమలో అయ్యే మొత్తం ఖర్చులో 20 నుంచి 30 శాతం వరకు ఈ తీసే పనికే పోతుందని చాలాకాలంగా చెప్పుకుంటున్న లెక్క.

మీరే ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చు. పచ్చనీళ్లు ఒక గాజు సీసాలో పట్టి, పంచె గుడ్డను రెండు మడతలు వేసి వడగట్టండి. కిందికి దిగిన నీళ్లు పచ్చగానే ఉంటాయి. వాటిని సీసాలో పోసి నీడలో కదల్చకుండా పెట్టండి. సాయంత్రానికి బురద ఉంటే అడుగుకు దిగుతుంది, పాచి మాత్రం దిగదు. దీనికి బరువు తక్కువ కావడం ఒక్కటే కారణం కాదు, ఇంకొకటి ఉన్నది.

దువ్వెనతో పొడితల దువ్వి, చిన్న చిత్తుకాగితం ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరి అంటుకుంటాయి. చిన్నప్పుడు ఈ ఆట ఆడనివారు లేరు. అది విద్యుదావేశం చేసే పని. పాచి కణాల ఒంటి మీద కూడా ఇటువంటి ఆవేశమే ఉంటుంది, అన్నింటి మీదా ఒకే రకం, రుణావేశం. ఒకే రకం ఆవేశం ఉన్నవి ఒకదానినొకటి తోసుకుంటాయి. అందువల్ల అవి దగ్గరకు చేరి ముద్దకట్టవు. ముద్దకట్టనిది దిగదు, వలకు పడదు.

ఈ తోపులాటను ఆపే ఉపాయం మన పెద్దలకు తెలుసు, కారణం మాత్రం తెలియదు. వానాకాలంలో ఏటినీళ్లు ఎర్రగా వస్తే కుండ లోపల చిల్లగింజ అరగదీసేవారు. కొందరు మునగ గింజల పొడి వేసేవారు. పట్నాల్లో పటిక తిప్పేవారు. పటికలో, మునగ గింజల్లో ఎదురు ఆవేశం ఉన్న పదార్థం ఉన్నది. అది రెండు మూడు కణాలను కలిపి పట్టుకుంటుంది, అవి మరి నాలుగింటిని పట్టుకుంటాయి, చివరకు తునకలు కట్టి అడుగుకు చేరతాయి. ఇందాకటి సీసాలో చిటికెడు పటిక వేసి చూడండి, మంచినీటి పాచి అయితే గంటల్లో నీరు తేరుకుంటుంది. గుంటలోని ఉప్పునీటితో చేస్తే అంత తేలికగా తేరదు. ఉప్పు ఎక్కువైన కొద్దీ పటిక మోతాదు చాలా పెంచవలసి వస్తుంది.

మరి పటికతోనే పని జరుగుతుంటే గొడవ ఏమిటి అంటారా? పటికలో ఉన్నది అల్యూమినియం. అది పాచితో పాటే ముద్దలో ఉండిపోతుంది. ఆ ముద్దను తింటే మనిషికైనా, పశువుకైనా, రొయ్యకైనా మంచిది కాదు, ఎరువుగా వేసినా నేలకు మంచిది కాదు. యంత్రం సంగతి చూస్తే, పాలలోంచి వెన్న తీసే యంత్రం వంటిదే పాచికీ ఉన్నది. గిర్రున తిప్పి నీటినీ పాచినీ వేరు చేస్తుంది. పని శుభ్రంగా చేస్తుంది గాని, రెండు వేల లీటర్లు తిప్పితే వచ్చేది ఒక కిలో. కరెంటు మీటరు పాచి కంటే వేగంగా పెరుగుతుంది.

ఇక్కడికి బూజు వస్తుంది. వల కన్ను ఇంకా చిన్నది చేయడం మాని, చేపనే పెద్దది చేస్తే ఎట్లా ఉంటుందన్నది దీని వెనుక ఆలోచన.

నిలవ రొట్టె మీద, నిమ్మకాయ తొక్క మీద పట్టే బూజును మీరు చూశారు. దగ్గరగా చూస్తే అది సన్నని పోగుల అల్లిక. ఒక పొడిగా ఎగిరే సిద్ధబీజాలు దానికి విత్తనాల వంటివి. ఈ సిద్ధబీజాలను కాస్త చక్కెర ఉన్న నీటిలో వేసి, పాత్రను ఆగకుండా కుదుపుతూ ఉంటే, బూజు పైన తెట్టులాగా పట్టదు. పోగులు చుట్టుకుని చుట్టుకుని, రెండు మూడు రోజుల్లో గుండ్రని ఉండలు అవుతాయి. నానబెట్టిన సగ్గుబియ్యం చూశారు గదా, అచ్చు అట్లాగే ఉంటాయి, తెల్లగా, మెత్తగా, కొన్ని మిల్లీమీటర్ల పరిమాణంలో. ఆ నీటిలో పాచి కూడా ఉన్నదనుకోండి, పాచి కణాలు పోయి ఆ పోగులకు అంటుకుంటాయి. తెల్ల సగ్గుబియ్యం పచ్చ సగ్గుబియ్యం అవుతుంది. మిగిలిన నీరు తేటగా ఉంటుంది. ఇక మైక్రాన్లతో పని లేదు. ఇంట్లో టీ వడగట్టే జల్లెడ చాలు.

ఎందుకు అంటుకుంటాయి అన్న దానిమీద శాస్త్రజ్ఞుల్లో ఒక్కమాట లేదు. బూజు పోగుల మీద ఉన్న ఆవేశం పాచి ఆవేశాన్ని తగ్గిస్తుందని కొందరు, పోగుల మీద ఊరే జిగురు పట్టుకుంటుందని కొందరు, అల్లికలో చిక్కుకుపోవడమే ముఖ్యమని మరికొందరు అంటారు. బూజు రకాన్ని బట్టి, పాచి రకాన్ని బట్టి, నీటి పులుపును బట్టి మూడూ కొంత కొంత ఉంటాయనే నాకు తోస్తుంది.

బూజుకూ పాచికీ స్నేహం ఏమిటని ఆశ్చర్యపోకండి. ఆ స్నేహం మీ వంటింట్లోనే ఉన్నది. మసాలాలో వేసే రాతిపువ్వు డబ్బా తీసి చూడండి. అది పువ్వు కాదు, ఆకు కాదు, ఒక మొక్కే కాదు. బూజు జాతికి చెందిన శిలీంధ్రం ఇల్లు కట్టి నీళ్లు పట్టి ఉంచుతుంది, లోపల కాపురమున్న పాచి ఎండలో అన్నం వండుతుంది. ఇద్దరూ కలిసి ఏ మట్టీ లేని రాతి మీద బతుకుతారు. స్విట్జర్లాండు వృక్షశాస్త్రజ్ఞుడు సైమన్ ష్వెండెనర్ 1867లో ఈ మాట చెప్పినప్పుడు తోటివారు చాలామంది నమ్మలేదు. మన పక్క ఊళ్లలో తమిళం మాట్లాడేవారు దీనిని కల్పాసి అంటారు, అంటే రాతి పాచి అని అర్థం. మనం పువ్వు అన్నాం, వారు పాచి అన్నారు. సగం నిజం వారివైపే ఉన్నది.

పాచిని తీయడానికి ఈ స్నేహాన్ని వాడుకోవచ్చునని గట్టిగా చూపినవారిలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం వారు ముందున్నారు. జాంగ్, బో హూ అనే ఇద్దరు 2012లో క్లోరెల్లా పాచినీ ఆస్పర్జిల్లస్ జాతి బూజునూ కలిపి పెంచి, ఉండలుగా తీసిన సంగతి ప్రకటించారు. 2014లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరం నుంచి మరొక బృందం, మంచినీటి పాచితో పాటు సముద్రపు పాచిని కూడా బూజుతో పట్టవచ్చునని చూపింది. మన దేశంలో ఢిల్లీ ఐ.ఐ.టి.లో అనుశ్రీ మాలిక్ బృందం ఈ దారిలోనే పని చేసింది. 2019లో అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం వారు ఇంకొక వింత చూశారు. మార్టియరెల్లా అనే నేలబూజును సముద్రపు పాచితో చాలా రోజులు కలిపి ఉంచితే, పాచి కణాలు పోగుల మీద అంటుకోవడమే కాక పోగుల లోపలికే చేరి, అక్కడ బతుకుతూ పోగునే పచ్చగా మార్చినవి. రాతిపువ్వులో కూడా పాచి పోగుల మధ్య ఉంటుందే గాని పోగు లోపలికి పోదు.

ఇంతవరకు వినడానికి బాగున్నది. విస్తరణాధికారిగా నా పని వినడానికి బాగున్నదాన్ని గుంటగట్టు మీదికి తెచ్చి చూడడం. అక్కడ మొదటి ప్రశ్న చక్కెర.

పాచికి ఎండ చాలు. బూజుకు ఎండతో పని లేదు, తిండి కావాలి. పాచి నీటిలోనే బూజు మొలిపించే పద్ధతిలో ఆ నీటి మొత్తానికీ చక్కెర కలపాలి. లీటరుకు అయిదు గ్రాములే వేశామనుకోండి. రెండు వేల లీటర్లకు పది కిలోలు. పది కిలోల చక్కెర పోసి ఒక కిలో పాచి తీయడం! పాచితో పాటు బూజు కూడా బరువు తూగుతుంది, అందులో నూనె కూడా ఉంటుంది, కాబట్టి అంతా నష్టం కాదని వాదించవచ్చు. కాని ప్రయోగశాలలో ఆ నీటిని ముందు మరగబెట్టి, ఇతర క్రిములు లేకుండా చేసి వాడతారు. మన గుంటనీటిలో చక్కెర పోస్తే బూజు కన్ను తెరిచేలోపు బాక్టీరియా విస్తరి ఊడ్చేస్తుంది. బెల్లం, తవుడు, ఈస్టు పులియబెట్టి గుంటలో పోసే అలవాటున్న రైతులకు ఇది వేరే చెప్పనక్కర లేదు. తీపి పడగానే బాక్టీరియా ఎట్లా విజృంభిస్తుందో, ఆక్సిజన్ ఎట్లా దిగుతుందో వారు చూసినవారే.

అందుచేత రెండవ పద్ధతి మీదనే నాకు ఎక్కువ నమ్మకం. ఇందులో బూజును వేరే డ్రమ్ములో పెంచుతారు. చెరకు మడ్డి, గంజి వంటి చవక తిండి అక్కడే పెడతారు. సగ్గుబియ్యం ఉండలు తయారయ్యాక వాటిని వడగట్టి, కడిగి, అప్పుడు పాచి నీటిలో వేసి నెమ్మదిగా కలియబెడతారు. తీపి అంతా డ్రమ్ములోనే ఉండిపోతుంది, పాచి నీటికి అంటదు. రోజుల పని గంటల్లోకి వస్తుంది. పెరుగు తోడు వేరే గిన్నెలో ఉంచుకుని కావలసినప్పుడు పాలల్లో వేయడం లాంటిదే ఇది.

రెండవ ప్రశ్న, ఏ బూజు? ఇక్కడ మీరు దయచేసి చెవి ఒగ్గాలి. బూజులన్నీ ఒకటి కావు. ఉల్లిపాయ పొరల మధ్య మసిలాగా పట్టే నల్లబూజు ఆస్పర్జిల్లస్ నైగర్. దాని జాతితోనే మనం దుకాణంలో కొనే నిమ్మఉప్పును కర్మాగారాల్లో తయారు చేస్తారు. జపానువారు సోయా రసానికి, సారాయికి వాడే ఆస్పర్జిల్లస్ ఒరైజే ఇంకొకటి. ఈ రెండూ పాచి పట్టడానికి పరీక్షించినవే. కాని వీటికి దాయాదులున్నారు. తడిసిన వేరుసెనగ కాయల మీద పసుపుపచ్చగా పట్టే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అఫ్లటాక్సిన్ అనే విషం చేస్తుంది. ఆ విషమున్న చెక్క తింటే కోడి చస్తుంది, రొయ్యకు కాలేయగ్రంథి చెడుతుంది, మనిషికి కాలేయ క్యాన్సరు తెచ్చిపెట్టగలదు. కుళ్లుతున్న గడ్డివాముల్లో, కంపోస్టు గుంటల్లో ఉండే ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ పాచిని పట్టడంలో మహా గట్టిది, చాలా పరిశోధనలు దానితోనే జరిగినవి. కాని ఒంట్లో బలం తగ్గినవారి ఊపిరితిత్తుల్లో చేరిందంటే ప్రాణం మీదికి తెస్తుంది. ప్రయోగశాలలో ముక్కుకు గుడ్డ కట్టి, గాజు పెట్టెలో చేతులు పెట్టి చేసే పనిని, మనం గట్టు మీద పై పంచెతో చేయకూడదు. కాబట్టి రొట్టె మీదో, చెక్క మీదో పట్టిన బూజు తీసి తొట్టిలో వేసి చూద్దామన్న సరదా ఎవరికీ వద్దు. చూపుకు మంచిదీ చెడ్డదీ ఒకే తీరుగా ఉంటాయి.

ఇక మన తడలో ఎవరికి ఏమి పనికి వస్తుందో చూద్దాం.

స్పైరులినా పెంచే అక్కచెల్లెళ్లకు ఈ బూజుతో పని లేదు. స్పైరులినా కణం క్లోరెల్లాలాగా గుండ్రని నలుసు కాదు, జిలేబీ తీగలాగా చుట్టలు తిరిగిన పోగు. మైక్రాన్లలో కొలిస్తే వందల పొడవు ఉంటుంది. సన్నని వడపోత గుడ్డలోనే నిలుస్తుంది. పైగా ఆ తొట్లలో నీరు బాగా క్షారంగా, పి.హెచ్. 9 పైన, 10 దగ్గర ఉంటుంది. పాచి పట్టే బూజుల్లో చాలావాటికి పులుపు నీరు ఇష్టం. ఒకరికి సున్నం, ఒకరికి చింతపండు, ఇద్దరినీ ఒకే తొట్టిలో ఉంచలేం. ఇక మనుషులు తినే సరుకులోకి బూజును చేతులారా తేవడం ఎందుకు? మీ గుడ్డ, మీ ఎండ, మీ చేతి శుభ్రం చాలు.

రొయ్యలున్న గుంటలో కూడా వద్దు. ఇది గట్టిగానే చెబుతున్నాను, ఎందుకంటే ఈ మధ్య ఒక గట్టు మీద ఒక పొట్లం చూశాను. దాని మీద బొమ్మ ఉన్నది, ధర ఉన్నది, లోపల ఏ జీవి ఉన్నదో పేరు లేదు. రైతు నాకంటే పెద్దవాడు.

"సార్, ఇది చల్లితే పాచి అంతా ముద్దగా పైకొస్తదంట, గంపతో ఎత్తేయొచ్చంట," అన్నాడు.

"ఎత్తేశాక, పగలు ఆక్సిజన్ ఎవరు పుట్టిస్తారు అన్నా?" అన్నాను.

ఆయన నీళ్లవైపు చూశాడు. "ఏరేటర్లు ఉండాయి గదా."

"ఉన్నాయి. అరెకరాల గుంటలో ముద్దకట్టిన పాచి అంతా మీరు ఎత్తేలోపు అడుగుకు పోయి కుళ్లితే, తెల్లారుజామున మూడింటికి ఆ ఏరేటర్లు చాలతాయా?"

ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత, "డబ్బులిచ్చినాను గదా సార్," అన్నాడు. పొట్లం ధర ఎంతో చెప్పాడు. గుంటలో ఉన్న రొయ్యల ధర కూడా తానే చెప్పాడు. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకున్నాక పొట్లాన్ని షెడ్డులో మేకుకు తగిలించి, మేత తట్ట చూడడానికి వెళ్లాడు.

గుంటలో పాచి మనకు శత్రువు కాదు. పగలు ఆక్సిజన్ ఇస్తుంది, అమ్మోనియాను తింటుంది, అడుగున ఎండ పడకుండా నీడ పడుతుంది. అది మితిమీరితే నీరు కొంత మార్చాలి, మేత తగ్గించాలి. పలక దించి చూసే లోతు 30 నుంచి 40 సెంటీమీటర్ల మధ్య ఉంచుకోవాలి. ఒక్కసారిగా తుడిచిపెట్టడం మాత్రం ఏ మందుతోనూ, ఏ బూజుతోనూ చేయరాదు.

మరి ఎక్కడ పనికి వస్తుంది? గుంటలోంచి బయటకు పోయే నీటి దగ్గర. పంట పట్టాక వదిలే నీటిలో పాచి, మేత తుక్కు, నత్రజని, భాస్వరం అన్నీ ఉంటాయి. ఆ నీరు కాలువ పట్టి పులికాట్‌లో చేరితే, భీమునివారిపాళెం వైపు వలేసుకుని బతికేవారి నీళ్లు చెడతాయి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల సాగు మీద ఇచ్చిన తీర్పు మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. తరువాత 2005లో తీరప్రాంత జలసాగు ప్రాధికార సంస్థ చట్టం వచ్చింది. దాని కింద వచ్చిన నిబంధనల్లో 5 హెక్టార్లకు మించిన సాగుకు, వాడిన నీటిని శుద్ధి చేసే ఏర్పాటు ఉండాలన్నారు. పది చిన్న గుంటల నీరు కలిస్తే ఒక పెద్ద గుంట నీరే గదా. ఆ శుద్ధి గుంటలో ఒండ్రు దిగుతుంది, పాచి దిగదు. నేను మొదట చెప్పిన సీసాలో జరిగినదే అక్కడా జరుగుతుంది. అక్కడ రొయ్యలు లేవు, ఆక్సిజన్ కోసం రాత్రి జాగారం లేదు. వేరే డ్రమ్ములో పెంచిన మంచిరకం బూజు ఉండలు ఆ నీటిలో తిప్పి, పచ్చబడిన తరువాత ఎత్తివేస్తే, పాచితో పాటు అది తిన్న నత్రజని, భాస్వరం కూడా బయటకు వస్తాయి. ఆ ముద్ద కంపోస్టుకో, గ్యాసు గుంటకో పోతుంది. పరిశోధకులు మురికినీటి పాచి మీద ఇంత శ్రద్ధ పెట్టడానికి కారణం ఇదే.

దానికి ఇంకా రెండు అడ్డంకులు దాటాలి. ఒకటి మన నీటి ఉప్పు. పులికాట్ వానాకాలంలో చప్పబడుతుంది, నడి ఎండల్లో సముద్రాన్ని మించి ఉప్పెక్కుతుంది. ఒక నెలలో ఉండకట్టి పట్టిన బూజు మరొక నెలలో అదే తీరుగా పట్టాలని లేదు. రెండవది డ్రమ్ములో మిగిలిపోయిన మడ్డినీళ్లు. వాటిని పారబోసి సరస్సులో కలిపితే, పాచి నీరు చేసే చెరుపు కంటే అదే ఎక్కువ చెరుపు చేస్తుంది. తీపినీరు ఆక్సిజన్‌ను తాగేస్తుంది. పేడగుంటలో పోయాలి, కాలువలో కాదు. ఈ రెండింటికీ మన తీరపు నీటితోనే, మన ఎండలోనే పరీక్షలు జరగాలి. అందాకా శుద్ధి గుంటలో మీరు చేయగలిగినది పాతదే, ఖర్చు తక్కువది. మొదటి అరలో నీటిని కదలకుండా నిలిపి ఒండ్రు దించండి, రెండవ అరలో ఆల్చిప్పలు, సముద్రపు నాచు, పాచి తినే చేపలు వేయండి. ఆల్చిప్ప రోజంతా నీటిని పీల్చి పాచిని వడగడుతూనే ఉంటుంది. దానికి జీతం లేదు, కరెంటు లేదు.

ఇక పొట్లాలు అమ్మేవారు మీ దగ్గరకు వస్తారు. రావద్దని నేను చెప్పలేను, వస్తే ఈ మాటలు అడగండి. ఇందులో ఉన్న బూజు జాతి పేరు పూర్తిగా ఏమిటి? ఏ ప్రయోగశాల దానిని పరీక్షించింది, కాగితం చూపగలరా? విషం చేయదని, ఊపిరికి చెడు కాదని ఎవరు చెప్పారు? ఎంత ఉప్పు ఉన్న నీటిలో పని చేస్తుంది, ఎంత పి.హెచ్.లో? పట్టిన పాచిని ఎన్ని గంటల్లో ఎత్తివేయాలి, ఎత్తకపోతే ఏమవుతుంది? అయిదింటికీ జవాబు దొరికితే, ఒక బకెట్టు నీటిలో వేసి చూపించమనండి, గుంటలో కాదు. బకెట్టులో నాలుగు రొయ్యలు కూడా వేసి, మర్నాటి ఉదయం వరకు అతనిని టీ తాగుతూ కూర్చోమనండి.